నేర్చుకునేలోపే మాయమయ్యే బటన్లు

(మండల సమాఖ్య వార్షిక మహాసభ, మారేడుమిల్లి, 2024-25. పాలకవర్గం తరఫున చదివిన ప్రసంగ పాఠం)



పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, స్త్రీనిధి అప్పు ఎంత, వసూలు ఎంత అనే లెక్కలు ఈ పుస్తకంలో ముందు పేజీల్లో ఉన్నాయి. వాటిని మళ్లీ చదివి మీ పొద్దు తియ్యం. ఈ ఏడాది ఏ గ్రామైక్య సంఘానికి వెళ్లినా మమ్మల్ని ఒకే మాట అడిగారు. "నేర్చుకోమన్నారు, నేర్చుకున్నాం. ఇప్పుడు చూస్తే ఆ బటన్ ఫోన్లో లేదు. ఎక్కడికి పోయిందమ్మా?" ఆ మాటకు జవాబు చెప్పడానికే ఈ ప్రసంగం.

మొదట ఆ బటన్ సంగతి. మన సంఘాల లెక్కలు రాసుకోవడానికి ఒక కంపెనీ చేసిన యాప్ వీఓఏల ఫోన్లలో పెట్టుకున్నాం. కంపెనీ పేరు ఇక్కడ అవసరం లేదు. అందులో మనకు అన్నిటికంటే నచ్చింది చెవి బొమ్మ ఉన్న బటన్. సభ్యురాలి పేరు నొక్కి ఆ చెవిని నొక్కితే తెలుగులో మాట వచ్చేది. మీ పొదుపు ఇంత, మీ అప్పు ఇంత, ఈ నెల కట్టాల్సింది ఇంత అని. యాప్‌లో ఇంకా చాలా ఉన్నాయి, రంగు రంగుల గీతలు, పటాలు. వాటి వంక ఎవరూ చూడలేదు. చెవి బటన్ దగ్గర మాత్రం జనం గుమిగూడేవాళ్లు.

ఎందుకో మీకు చెప్పక్కర్లేదు గానీ ఈ పుస్తకం జిల్లాకు కూడా వెళ్తుంది, అక్కడివాళ్ల కోసం చెప్తాం. మన సంఘాల్లో సంతకం నేర్చుకున్న అక్కలు చాలామంది ఉన్నారు. సంతకం రావడం వేరు, అంకె చదవడం వేరు. పాసుపుస్తకంలో రాసినది సరిగ్గా ఉందా లేదా అని తెలుసుకోవాలంటే ఇన్నాళ్లూ ఎవరో ఒకరు చదివి పెట్టాలి. చదివి పెట్టేది ఎవరు? రాసినావిడే. లేకపోతే హాస్టల్ నుంచి ఇంటికొచ్చిన పిల్లవాడు. రాసినావిడ మంచిదే కావచ్చు. కానీ రాసినావిడే చదివి చెబితే అది తనిఖీ అనిపించుకోదు. చెవి బటన్ వచ్చాక మొదటిసారి అరవై ఏళ్ల అక్క కూడా తన డబ్బు లెక్క తానే విని, "అదేంటి, పోయిన నెల రెండొందలు ఎక్కువ కట్టాను కదా, అది ఏదీ?" అని అడిగింది. అలా అడిగిన ఊళ్లు ఒకటి రెండు కాదు. కొన్నిచోట్ల తేడా దొరికింది, సరిచేశారు. కొన్నిచోట్ల అక్క లెక్కే తప్పు, పక్కవాళ్లు నవ్వారు, ఆవిడా నవ్వింది. అడగడం మాత్రం అలవాటైంది.

ఈ బటన్ అన్ని ఊళ్లకూ ఒకేసారి రాలేదు. రోడ్డు పక్క ఊళ్లకు ముందు శిక్షణ అయింది. లోపలి ఊళ్లకు వానలు తగ్గాక వెళ్దామనుకున్నాం. వాగులు దాటాలి, సిగ్నల్ ఉన్న చోటు వెతకాలి, వీఓఏకు ఫోన్ ఉండాలి, ఉన్న ఫోన్లో ఖాళీ ఉండాలి. చివరి ఊళ్లకు వెళ్లేసరికి యాప్ కొత్త రూపం దిగింది. అందులో చెవి బటన్ లేదు. పాత రూపం ఉంచుకుందామంటే అది తెరవగానే "కొత్తది దించుకోండి" అని అడ్డం పడుతుంది, ముందుకు పోనివ్వదు. కంపెనీని అడిగితే వచ్చిన జవాబు, "ఆ సౌకర్యం ఎక్కువమంది వాడటం లేదు, అందుకే తీసేశాం."

ఎక్కువమంది వాడటం లేదట. వాడటానికి వాళ్ల దగ్గరకు అది చేరితే కదా!

కోపం వచ్చింది, నిజమే. అయితే ఇది మన ఒక్క మండలం బాధ కాదు. ఫోన్లు, కంప్యూటర్లు వాడే లోకమంతటా ఇదే నడుస్తోంది. పట్నంవాళ్లు ఒకటి పోతే వారంలో ఇంకొకటి వెతుక్కుంటారు. మనం ఒకటి నేర్చుకోవడానికి ఒక కాలం పడుతుంది, అందుకే మన దగ్గర దెబ్బ గట్టిగా తగులుతుంది.

టవర్ల సంగతి చూడండి. 2023 జూన్ 15న రాష్ట్రంలో మారుమూల ప్రాంతాలకని 100 జియో టవర్లు ఒకేసారి ప్రారంభించారు. అందులో 85 అల్లూరి సీతారామరాజు జిల్లాలోవే. అప్పటిదాకా గుట్టెక్కి చెట్టు కింద నిలబడి మాట్లాడిన ఊళ్లలో ఇంట్లో కూర్చుని మాట్లాడటం మొదలైంది. మరి తక్కువ ధరకు దొరికే 4జీ ఫోన్ ఏది? బటన్లున్న జియోఫోన్. 2017లో 1,500 రూపాయల డిపాజిట్‌తో వచ్చింది. మొదట దాంట్లో వాట్సాప్ లేదు, 2018 సెప్టెంబరులో వచ్చింది. దేశంలో పది కోట్లమందికి పైగా ఆ ఫోన్ కొన్నారు. అది నడిచే వ్యవస్థ పేరు కాయ్‌ఓఎస్. 2024 జూన్ 25 నుంచి ఆ ఫోన్లలోకి వాట్సాప్ కొత్తగా దించుకోవడానికి లేకుండా పోయింది. అప్పటికే ఉన్నవాళ్లకు 2025 మొదటి నెలల వరకు అన్నారు, ఆ గడువూ అయిపోయింది.

తేదీలు పక్కపక్కన పెట్టుకోండి. టవర్ వెలిగింది 2023 జూన్ 15. వాట్సాప్ తలుపు మూసింది 2024 జూన్ 25. మధ్యలో ఒక ఏడాదీ పది రోజులు. పట్నంలో ఉన్నవాళ్లకు ఆ ఫోన్లో వాట్సాప్ దాదాపు ఆరేళ్లు దొరికింది. టవర్ కొత్తగా వచ్చిన ఊరికి దొరికింది ఏడాది చిల్లర. ఒక కంపెనీ టవర్ వేసింది, ఒక కంపెనీ ఫోన్ వ్యవస్థ చేసింది, ఇంకో కంపెనీ వాట్సాప్ నడుపుతోంది. ఎవరి లెక్క వాళ్లది. ఆ ఊరి లెక్క మాత్రం ఎవరి పుస్తకంలోనూ లేదు.

3జీ సంగతి ఇంకా విచిత్రం. 2జీ నుంచి 3జీకి వెళ్లాలి, తర్వాత 4జీకి అని మనకు చెప్పారు. మన కొండల్లో చాలా ఊళ్లు 3జీ మొహమే చూడలేదు. ఈలోగా ఎయిర్‌టెల్ 2019లో కోల్‌కతాతో మొదలుపెట్టి 3జీని మూసేసుకుంటూ వచ్చింది. 3జీ కోసమని కొన్న ఫోన్లు మాట్లాడుకోవడానికి తప్ప పనికిరాకుండా పోయాయి. మనదాకా రాకముందే దానికి కర్మకాండ కూడా అయిపోయింది.

పట్నాల్లోనూ ఇలాంటివి జరుగుతాయని చెప్పాం కదా, ఒకటి చెప్తాం. రైల్వే స్టేషన్లలో ఉచిత వైఫై అని గూగుల్, రైల్‌టెల్ కలిసి 2016 జనవరిలో ముంబై సెంట్రల్‌లో మొదలుపెట్టాయి. ఆ ఏడాదే మన విశాఖపట్నం, విజయవాడ స్టేషన్లకు వచ్చింది. దేశంలో 400 పైచిలుకు స్టేషన్లకు పెరిగింది. 2020లో గూగుల్ తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. ఇప్పుడు మొబైల్ డేటా చవకైంది, దీని అవసరం తగ్గింది అని చెప్పింది. ఇందులో మనం గమనించాల్సింది ఒకటుంది. గూగుల్ పోయినా స్టేషన్లలో వైఫై పోలేదు. ఎందుకంటే స్టేషన్ల దాకా ఉన్న తీగ రైల్‌టెల్‌ది, అంటే ప్రభుత్వ సంస్థది. వచ్చిన చుట్టం వెళ్లిపోయాడు గానీ ఇల్లు మనదే కాబట్టి నిలబడింది. మన చెవి బటన్ విషయంలో ఇల్లూ వాళ్లదే, చుట్టమూ వాళ్లే.

ఇలా ఎందుకు తీసేస్తారని మేం కొంత తెలుసుకున్నాం. కొన్ని కారణాలు న్యాయమైనవే, దాచకుండా చెప్తాం.

యాప్ అనేది ఒకసారి చేసి వదిలేస్తే బతికే వస్తువు కాదు. ఇంటి కప్పులాంటిది, ఏడాదికోసారి తాటాకు మార్చకపోతే కురుస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లకు యాప్‌లు దొరికే చోటు గూగుల్ ప్లే స్టోర్. ఆ స్టోర్ ఏటా ఒక నిబంధన పెడుతుంది, యాప్‌లన్నీ కొత్త ఆండ్రాయిడ్‌కు తగ్గట్టు మార్చుకోవాలని. 2024 ఆగస్టు 31 నుంచి కొత్తగా పెట్టే యాప్ అయినా, ఉన్న యాప్‌కు మార్పు అయినా ఆండ్రాయిడ్ 14కు తగ్గట్టు ఉండాలన్నారు. మారని పాత యాప్ కొత్త ఫోన్ కొన్నవాళ్లకు స్టోర్లో కనపడదు. దొంగలు చొరబడకుండా ఉండాలంటే ఇలాంటి మార్పు అవసరమే. కానీ దాన్ని చేయడానికి మనిషి కావాలి, మనిషికి జీతం కావాలి. ప్రాజెక్టు డబ్బుతో చేసిన యాప్ ప్రాజెక్టు అయిపోగానే ఎండిపోయేది ఇందుకే. శిక్షణకు డబ్బు రాస్తారు, ప్రారంభోత్సవానికి రాస్తారు. మూడో ఏట మరమ్మతుకు ఎవరూ రాయరు.

అదీగాక, యాప్‌లో ప్రతి బటన్‌కూ ఖర్చుంది. చెవి బటన్ పనిచేయాలంటే తెలుగు గొంతు కావాలి, కొత్త ఫోన్ వచ్చినప్పుడల్లా అందులో సరిగ్గా పలుకుతోందా లేదా చూడాలి. పది బటన్లలో తొమ్మిదికి ఈ బాధ లేదు. ఖర్చు తగ్గించమని పైనుంచి చెప్తే ముందు పోయేది ఇదే. ఆ బటన్ ఎవరికి అవసరమో వాళ్లు ఆ గదిలో కూర్చుని ఉండరు.

ఇక వాడకం లెక్క. ఇక్కడే మా గొడవంతా. ఏ బటన్ ఎన్నిసార్లు నొక్కారో యాప్ తనంతట తానే లెక్కపెట్టి కంపెనీకి పంపుతుంది. మన ఊళ్లలో నొక్కినప్పుడు సిగ్నల్ లేకపోతే ఆ లెక్క వెళ్లొచ్చు, వెళ్లకపోవచ్చు. అది ఒకటి. ఒకే వీఓఏ ఫోన్ మీద సమావేశం రోజు పదిమంది వింటే అది పదిమంది కాదు, ఒక్క ఫోన్. అది రెండు. మనం నెలకొకసారి సమావేశమప్పుడు వింటాం, పట్నంవాళ్లలా రోజుకు ఇరవైసార్లు తెరిచి చూడం. నెలకొకసారి వాడే వస్తువు పనికిరానిదని ఎవరన్నారు? ఇంట్లో గునపం రోజూ వాడతామా? దుంప తవ్వే రోజు అది లేకపోతే తెలుస్తుంది. వాళ్ల లెక్కలో మాత్రం రోజూ నొక్కినదే ఉన్నట్టు, మిగిలినదంతా లేనట్టు.

పైగా ఆ లెక్క మొదటి నెలల్లోనే తీస్తారు. మొదటి నెలల్లో వాడేది రోడ్డు పక్క ఊళ్లవాళ్లు, చదువుకున్నవాళ్లు. వాళ్లకు చెవి బటన్ అక్కర్లేదు, కళ్లతో చదువుకుంటారు. ఎవరికి అవసరమో వాళ్లు చివర చేరతారు. చివర చేరేవాళ్లు రాకముందే లెక్క మూసేస్తే ఆ లెక్కలో వాళ్లు ఎప్పటికీ ఉండరు. సంతలో కూడా అంతే కదా. దగ్గరివాళ్లు పొద్దున్నే చింతపండు అమ్ముకుని పోతారు, దూరపు గూడెంవాళ్లు మధ్యాహ్నానికి దిగుతారు. షావుకారు పదింటికే కాటా ఎత్తేసి, "మీ ఊళ్లో చింతపండు లేదు" అంటే ఒప్పుకుంటామా?

ఇక మన సమాఖ్య ఆఫీసులో ఉన్న కంప్యూటర్ గురించి. అది విండోస్ 10 మీద నడుస్తోంది. మైక్రోసాఫ్ట్ 2015లో దాన్ని తెచ్చింది. 2025 అక్టోబరు 14తో దానికి మామూలు రక్షణ మార్పులు ఆగిపోయాయి. ఆ తర్వాత కంప్యూటర్ ఆగిపోదు, భయపడకండి. నడుస్తూనే ఉంటుంది, కానీ కొత్తగా బయటపడే లోపాలకు కాపలా ఉండదు. కొన్ని షరతులతో ఇంకో ఏడాది కాపలా ఇస్తామన్నారు. విండోస్ 11కు మారదామంటే మన కంప్యూటర్ లోపలి భాగాలు దానికి సరిపోవు. మంచిగా పనిచేస్తున్న పెట్టెను పక్కన పెట్టి కొత్తది కొనమనడమే. ఉచితంగా దొరికే లైనక్స్ అనే వ్యవస్థ వేసుకుంటే పాత కంప్యూటరే మరికొన్నాళ్లు నడుస్తుంది. హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థ ఇలాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ గురించి, తెలుగులో దాన్ని వాడటం గురించి చాలా ఏళ్లుగా పనిచేస్తోంది. పాలకవర్గంలో దీని మీద రెండు అభిప్రాయాలు ఉన్నాయి. బ్యాంకు, డీఆర్‌డీఏ పంపే ఫైళ్లు అందులో తెరుచుకుంటాయా అని కొందరి అనుమానం. ముందు తెరిచి చూసి తేలుద్దామని ఒప్పుకున్నాం.

ఈ వార్షిక నివేదిక సంగతే చూడండి, నవ్వొస్తుంది. పాత నివేదికలు రాజమండ్రిలో డీటీపీ షాపులో కొట్టించేవాళ్లం. పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో. ఆ పేజ్‌మేకర్‌ను పెంచడం అడోబ్ కంపెనీ 2004లోనే ఆపేసింది. అయినా తెలుగు డీటీపీ షాపులు దాన్ని వదల్లేదు. పాత కంప్యూటర్‌ను గుడ్డ కప్పి కాపాడుకుంటూ పెళ్లి కార్డులు, కరపత్రాలు, పుస్తకాలు దాంట్లోనే కొట్టాయి. కంపెనీ వదిలేసినంత మాత్రాన వస్తువు చచ్చిపోదని ఆ షాపులవాళ్లు చూపించారు, మెచ్చుకోవాల్సిందే. కానీ మన పాత నివేదికల సీడీ ఇప్పుడు ఆఫీసు కంప్యూటర్లో పెడితే తెలుగు రాదు, ఏవో ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు వస్తాయి. అను అక్షరాలు ఆ ఫాంట్ ఉన్నచోటే అక్షరాలు. అదే యూనికోడ్‌లో కొట్టినది ఏ ఫోన్లోనైనా తెలుగుగానే కనబడుతుంది. అందుకే ఈ ఏడాది పుస్తకం మొత్తం యూనికోడ్‌లోనే కొట్టించాం. అచ్చు పుస్తకాలు మాత్రం అన్ని ఏళ్లవీ బీరువాలో చక్కగా ఉన్నాయి. చెదలు తినకుండా వేపాకు పెట్టిన అక్కకు ఈ సభాముఖంగా కృతజ్ఞతలు.

తెలుగు టైపు చేయడం కూడా ఇలాగే అయింది. ఇంగ్లిషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చేలా గూగుల్ ఇన్‌పుట్ టూల్స్ అని ఒకటి ఉండేది. కంప్యూటర్లో ఒకసారి వేసుకుంటే నెట్ లేకపోయినా పనిచేసేది. నెట్ సరిగ్గా లేని మనలాంటి చోట్లకు అది ఎంత అనువో చెప్పక్కర్లేదు. 2018లో ఆ నెట్ అక్కర్లేని రకాన్ని ఇవ్వడం ఆపేశారు. నెట్ ఉంటేనే పనిచేసే రకం ఉంచారు. నెట్ ఉన్నవాడికి ఉన్నదీ లేనిదీ తేడా తెలియదు.

ఇవన్నీ విని మీలో కొంతమంది అనుకుంటున్నది మాకు తెలుసు. గ్రామ సభల్లో మీరే అన్నారు కూడా. "ఈ ఫోన్ల గోల మనకెందుకు, పుస్తకాలే రాసుకుందాం, మన అమ్మలు రాసుకోలేదా?" అని. ఈ మాటతో పాలకవర్గం ఏకీభవించడం లేదు. రోడ్డు మీద బొంగులో చికెన్ అమ్మే మన సభ్యులను అడగండి. గుడిసె కొండకు, జలతరంగిణికి వచ్చే పట్నంవాళ్లలో నోటు తీసేవాడు ఎంతమంది ఉన్నాడు? క్యూఆర్ అట్ట లేకపోతే పక్క దుకాణానికి పోతాడు. మిరియాలు, కాఫీ, కొండచీపుర్ల ధర మైదానంలో ఎంత ఉందో ఫోన్ చెప్తే తప్ప దళారి నిజం చెప్పడు. అప్పు దరఖాస్తు, ఆధార్, బ్యాంకు మిత్ర దగ్గర వేలిముద్ర, ఏదీ ఇప్పుడు ఫోన్ లేకుండా లేదు. వెనక్కి వెళ్లే దారి లేదు, ఉన్నా అది ఆడవాళ్లకు మంచి దారి కాదు. ఫోన్ మగవాళ్ల చేతిలోనే ఉండిపోతుంది.

అలాగని కంపెనీ ఏది ఇస్తే అది కళ్లు మూసుకుని ఎత్తుకోవడమూ కుదరదు. మన పొదుపు ఉద్యమం పుస్తకం మీద నిలబడింది. 1990లలో రాసిన మినిట్స్ పుస్తకం ఈ రోజుకీ తెరిస్తే తెరుచుకుంటుంది, కొత్త రూపం దించుకోమని అడగదు. పుస్తకానికున్న ఆ గుణం ఫోన్‌కు రావాలంటే మన వైపు నుంచి కొన్ని కట్టుబాట్లు ఉండాలి. వాటినే ఈ సభ ముందు పెడుతున్నాం.

యాప్ ఎంత మంచిదైనా, ప్రతి నెల సమావేశం అయ్యాక ఆ నెల లెక్క ఒక పేజీగా మినిట్స్ పుస్తకంలోకి ఎక్కాలి, సభ్యురాలి పాసుపుస్తకంలోకి ఎక్కాలి. రెండు పనులు అవుతున్నాయని వీఓఏలు బాధపడుతున్నారు, ఆ బాధ నిజమే. అందుకని రెండో పనికి గౌరవవేతనంలో ఏదైనా కలపగలమా అని మండల సమాఖ్య నిధి నుంచి చూస్తున్నాం. ఉత్త చేతులతో ఇంకో పని మోయించడం మాకూ ఇష్టం లేదు.

ఇకముందు ఏ కంపెనీతోనైనా, ఏ సంస్థతోనైనా యాప్ తీసుకునేటప్పుడు కాగితం మీద ఒప్పందం రాయించుకుంటాం. ఉచితంగా ఇస్తామన్నా రాయించుకుంటాం, ఉచితమైతే ఇంకా ముఖ్యం. ఏ సౌకర్యం తీసేయాలన్నా ఏడాది ముందు రాతపూర్వకంగా చెప్పాలి. మన లెక్కలు మొత్తం మామూలు పట్టిక రూపంలో, ఏ కంప్యూటర్లోనైనా తెరుచుకునేలా, ఎప్పుడు అడిగినా ఇవ్వాలి. తెలుగు, తెలుగులో మాట వినిపించడం అదనపు సోకు కాదు, అసలు పనిలో భాగం అని అందులో రాయాలి. ఒక్క మండల సమాఖ్య అడిగితే కంపెనీవాళ్లు నవ్వి ఊరుకుంటారని మాకూ తెలుసు. జిల్లా సమాఖ్యలో ఈ విషయం పెట్టాం. అన్ని మండలాలూ ఒకే కాగితం ముందు పెడితే ఆ గదిలో మనం లేకపోయినా మన సంఖ్య ఉంటుంది.

కోయ మాట్లాడే సభ్యులు అడిగింది కూడా ఇందులో చేర్చాం. చెవి బటన్ తెలుగులో ఉన్నప్పుడు వాళ్లకు సగమే అందింది. కోయలో వినిపించే యాప్‌ను మనకు ఇప్పటిదాకా ఎవరూ తేలేదు. అంకెలు ఒకటి నుంచి వెయ్యి దాకా, పొదుపు, అప్పు, వడ్డీ అనే మూడు మాటలు మన అక్కల గొంతుతోనే రికార్డు చేసి పెట్టుకుంటే, ఏ యాప్ వచ్చినా ఆ గొంతు మనదే కాబట్టి మన దగ్గరే ఉంటుంది. ఇది పెద్ద పని కాదు. లోపలి గూడేల నుంచి ఇద్దరు ముందుకొచ్చారు, మొదలుపెడతాం.

డబ్బు పంపడం విషయంలో ఒక ఆసరా ఉంది, చాలామందికి తెలియదు. మామూలు బటన్ ఫోన్ నుంచి నెట్ లేకుండా డబ్బు పంపే పద్ధతి. *99# కొట్టి చేసేది ఒకటి. 2022 మార్చి 8న రిజర్వు బ్యాంకు ప్రారంభించిన యూపీఐ 123పే ఇంకొకటి, అందులో నంబరుకు కాల్ చేసి చేయొచ్చు. ఇవి ఒక్క కంపెనీ చేతిలో ఉన్న యాప్‌లు కావు, దేశమంతటికీ చెల్లింపులు నడిపే వ్యవస్థలో భాగం. అందుకని వీటిని నేర్చుకుంటే రేపు ఏదో ఒక యాప్ పోయినా చెయ్యి ఆగదు. కొంచెం నిదానం, కొంచెం విసుగు. కానీ వాడేవాళ్లు లేకపోతే వీటినీ ఎవరో ఒకరు "ఎక్కువమంది వాడటం లేదు" అంటారు. కాబట్టి సంఘానికి ఇద్దరు చొప్పున నేర్చుకుని నెలకు ఒక్కసారైనా వాడండి.

ఇక చెవి బటన్. కంపెనీతో మాట ఇంకా నడుస్తోంది. మళ్లీ పెడతామని చెప్పలేదు, పెట్టమని తేల్చీ చెప్పలేదు. ఈలోపు మనం చేయగలిగింది ఒకటుంది, ఆ పని ఈ నెల నుంచే. ప్రతి సంఘ సమావేశంలో, లెక్క రాసినావిడ కాకుండా వేరే సభ్యురాలు, అవసరమైతే పక్క సంఘం నుంచి పిలిపించిన సభ్యురాలు, ప్రతి ఒక్కరి పాసుపుస్తకం గట్టిగా చదవాలి. పొదుపు ఇంత, అప్పు ఇంత, ఈ నెల కట్టింది ఇంత. చదివినావిడ పేరు మినిట్స్‌లో రాయాలి. పావుగంట ఎక్కువ పడుతుంది, పట్టనివ్వండి. బటన్ నేర్పిన ఆ అడిగే అలవాటు బటన్‌తో పాటు పోకూడదు.

వచ్చే నెల మండల సమాఖ్య సమావేశానికి ప్రతి వీఓఏ మూడు వస్తువులు తీసుకురావాలి. యాప్‌లో ఉన్న మీ సంఘాల లెక్కల ప్రింటు, అది తీయడం రాకపోతే ఫోన్ తెచ్చినా చాలు, ఇక్కడ తీసిపెడతాం. మినిట్స్ పుస్తకం. సంఘంలో ఎవరి దగ్గర ఏ రకం ఫోన్ ఉంది, అందులో ఏది పనిచేస్తోంది, ఏది ఆగిపోయింది అని రాసిన కాగితం. జిల్లా సమాఖ్య ముందు పెట్టే కాగితానికి ఆ చివరిది జతచేయాలి. లోపలి ఊళ్లవాళ్లు వాగు పొంగి రాలేకపోతే ఫోన్లో చెప్పండి, మేం రాసుకుంటాం. మీరు చేరేదాకా లెక్క మూయం.